నాలుగు గదుల్లో శాంతవ్వ

ఒమాన్‌లోని ఇబ్రాలో ఖర్జూరపు తోటల అంచున కంపెనీ వాళ్ళు అద్దెకు తీసుకున్న పాత ఇంట్లో, వాకిలి చుట్టూ నాలుగు గదులుండేవి. ఒక గదిలో కడప వాళ్ళు, ఒక గదిలో కేరళ వాళ్ళు, ఇంకో గదిలో పాకిస్తాన్ పంజాబీలు, వంటగది పక్కనున్న నాలుగోదానిలో కోరుట్ల, జగిత్యాల వైపు వాళ్ళు. గదికో టీవీ ఉండేది. అన్నీ ఎవరో వాడి వదిలించుకున్నవే. వీసీఆర్ మాత్రం ఇల్లు మొత్తానికి ఒక్కటే. అది కడప రూమ్‌లో అబ్దుల్ వహాబ్ మంచం తలాపున కొలువుండేది. వహాబ్ కంపెనీలో ఎలక్ట్రీషియన్. చేతిలో పనీ, బుర్రలో తీటా ఉన్న మనిషి. సైట్‌లో మిగిలిన వైరు తెచ్చి, వెంటిలేటర్లలోంచి గది గదికీ లాగి, తన దగ్గర పెట్టిన క్యాసెట్టు నాలుగు టీవీల్లోనూ కనబడేలా చేశాడు.

అది మొదలైన రోజు కోరుట్ల గది లచ్చన్న వాకిట్లో నిలబడి తెరిచిన నోరు మూయలేదు. ఇటు గుమ్మంలోంచి చూస్తే ఒక ఆడమనిషి వార్తలు చదువుతోంది. అటు గుమ్మంలోంచి చూస్తే ఆవిడే, అవే వార్తలు. ఇక్కడ కాగితం తిప్పితే అక్కడా తిప్పుతోంది. నాలుగు గుమ్మాలూ చుట్టొచ్చి, ఎక్కడా ఒక్క మాట వెనకా ముందూ కాలేదని తేల్చుకుని, అప్పుడు మెల్లగా వహాబ్ దగ్గరికి వెళ్ళాడు.

"వహాబ్ భాయ్, నాలుగు దిక్కుల గుంజుకుంటె బొమ్మ పల్సబడదా?"

"ఎందుకు పల్సబడుతుందప్పా? ఎంతమంది సూసినా అంతే."

లచ్చన్న తల ఊపాడే గాని నమ్మలేదు. వాళ్ళ వాడకట్టులో పంచాయతీ నల్లా సంగతి అతనికి తెలుసు. పై ఇళ్ళవాళ్ళు తిప్పుకున్నారంటే చివరి ఇంటికి చుక్క రాదు. వైరైనా పైపైనా ధర్మం ఒకటే కదా అనుకున్నాడు. అందుకని కేరళ వాళ్ళు తమ క్యాసెట్టు పెట్టుకున్న శుక్రవారం తన గది టీవీ కట్టేసి కూర్చున్నాడు, పాపం వాళ్ళకు బొమ్మ నిండుగా పోతుందని. సంగతి తెలిసి ఇల్లంతా పడీ పడీ నవ్వింది. లచ్చన్న కూడా నవ్వాడు. తరువాతి వారం మళ్ళీ కట్టేశాడు.

అతను ప్లాస్టరింగ్ మేస్త్రి. ఎనభై ఎనిమిదిలో వచ్చాడు. మధ్యలో ఒక్కసారి ఊరికి పోయొచ్చాడు. ఇప్పుడు తొంభై మూడు. గోడ మీద తాపీ ఆడిస్తే చేత్తో నిమిరి చూడాలనిపించేంత నునుపుగా తేలుతుంది. మాటలో మాత్రం ఆ నునుపు లేదు. నాలుగు మాటలు అనాల్సిన చోట ఒకటంటాడు, ఆ ఒకటీ ఎందుకన్నానా అని రోజంతా నమిలి మింగుతాడు.

వాళ్ళు చూసే క్యాసెట్లు సినిమావి కావు. సినిమాలు ఎక్కడైనా దొరుకుతాయి. మస్కట్ వీడియో షాపుల్లో, మన టీవీలో వచ్చినవి వచ్చినట్టు ఎవరో ఇంటి దగ్గర రికార్డు చేసి పంపినవి అద్దెకిచ్చేవాళ్ళు. అందులో అన్నీ ఉండేవి. సబ్బుల ప్రకటనలు, ఎరువుల ధరలు, నాటకం మధ్యలో గాలికి యాంటెన్నా తిరిగిపోతే పడ్డ గీతలు. "అంతరాయానికి చింతిస్తున్నాము" అని ఆగిపోయిన బొమ్మ వస్తే దాన్ని కూడా కదలకుండా చూసేవాళ్ళు. ముందుకు తిప్పమని ఎవరూ అనరు. ఆ అంతరాయం కూడా మన ఊరిదే కదా. వారానికో గది వంతు. ఏ గది వంతైతే వాళ్ళ భాష క్యాసెట్టు. మిగతా మూడు గదులూ అర్థమైనా కాకపోయినా చూసేవాళ్ళు. పంజాబీల నాటకాల్లో అత్తగారు తిడుతుంటే కోరుట్ల వాళ్ళు కళ్ళు తుడుచుకున్న సందర్భాలున్నాయి.

ఆ ఇంట్లో రాసుకోని కట్టుబాటు ఒకటుండేది. ఎవరి ఇంటి ఆడవాళ్ళ ఫోటో వాళ్ళ పెట్టెలోనే ఉండాలి. గోడకు అంటించకూడదు, పక్కవాడికి చూపించకూడదు, చూపించమని అడగకూడదు. పెళ్ళాన్ని వదిలొచ్చిన ఇంతమంది మగవాళ్ళు ఒక్క కప్పు కింద మర్యాదగా బతకడానికి వాళ్ళు కనిపెట్టుకున్న దారి అది. నాలుగు గదులూ దాన్ని పాటించేవి.

అలాంటి ఇంటికి, సెలవు మీద వెళ్ళొచ్చిన రఘుపతి ఒక క్యాసెట్టు తెచ్చాడు. రఘుపతిదీ లచ్చన్న ఊరే. సంచి దించీ దించకముందే లచ్చన్నను పక్కకు పిలిచాడు.

"మీ అన్న ఇచ్చిండు. హైదరాబాద్ టీవీల మీ శాంతవ్వ అచ్చిందట. కోరుట్ల వీడియో షాపాయన నింపిచ్చిండు. నేనైతె జూడలే."

లచ్చన్నకు మొదట అర్థం కాలేదు. టీవీలో తన భార్య రావడమేమిటి?

"బోరింగులు బాగు చేస్తున్నది గదా, దాని మీద తీసిండ్రు. నీకు చెప్పలేదా?"

చెప్పలేదు. రఘుపతి గొంతు తగ్గించి మిగతాది చెప్పాడు. సంఘం వాళ్ళు వచ్చి ఆడవాళ్ళకు చేతిపంపు బాగు చేయడం నేర్పారు. పదిమంది నేర్చుకుంటామని వచ్చి, చివరికి నిలబడింది శాంతవ్వా, ఇంకో ఇద్దరూ. ఇప్పుడు కాసెపోసి చీర కట్టి, బోల్టులు విప్పే పెద్ద పాన సంచీలో వేసుకుని, సైకిలెక్కి ఊరూరూ తిరుగుతోంది. అన్నకు తలకొట్టేసినట్టుంది. మొగుడు దేశంలో లేడు, ఇదేం తిరుగుడని ఊరు నాలుగు రకాలుగా అంటోంది.

"మీ అన్న జెప్తె ఇంటలేదట. నీ నోటితోని ‘బంద్ పెట్టు’ అంటెనే ఆగుతదట. గీ క్యాసెట్టు జూసి నీ కండ్లతోని నువ్వే తెలుసుకోమన్నడు. శుక్రారం పొద్దుగూకంగ కోరుట్ల ఎస్టీడీ కాడ కూసుంటడు. ఫోన్ చేసి నీ మాట చెప్పమన్నడు."

లచ్చన్న క్యాసెట్టు దిండు కింద పెట్టుకున్నాడు. అతనికి తెలిసిన శాంతవ్వ వేరు. బావ ఇంట్లో ఉంటే తలుపు చాటునుంచి బయటికి రాదు. ఏదైనా అడిగితే కొంగు నోటికడ్డం పెట్టుకుని మాట్లాడుతుంది. పోయిన సెలవులో ఊరికి వెళ్ళినప్పుడు కూడా అతను రెండు సార్లు అడిగితే గాని ఆమె ఒక మాట అనలేదు. నోట్లో నాలుక లేని మనిషి, తన లాగే, అని లోపల్లోపల ముచ్చటపడేవాడు కూడా. అలాంటిది ఊరంతా చూసేలా సైకిలెక్కడం, పైగా టీవీకెక్కడం. ఆ వారమంతా సైట్‌లో గోడకు సిమెంటు పూస్తూ ఒకే మాట సాధన చేశాడు. బంద్ పెట్టు. ఆ మాట అతనికి కష్టమేమీ కాలేదు. ఒక్కటే మాట కాబట్టి ఇంకా తేలికైంది.

కష్టమంతా ఇంకోచోట ఉంది. వీసీఆర్ ఒక్కటే. క్యాసెట్టు పెడితే నాలుగు గదుల్లోనూ వస్తుంది. పెట్టెలో ఫోటో దాచుకున్న వాడి పెళ్ళాం నాలుగు గోడల మీదా, ఇంతమంది మగవాళ్ళ ముందు, కాసెపోసి నిలబడుతుంది. చూడకుండా ఉండలేడు, చూస్తే అందరూ చూస్తారు. ముందు నుయ్యి వెనక గొయ్యి.

శుక్రవారం నమాజు అయ్యి, భోజనాలయ్యాక, వహాబ్‌కు సంగతి చెప్పక తప్పలేదు. వహాబ్ ఎగతాళి మనిషే గాని ఈసారి నవ్వలేదు. "నువ్వు నీ రూమ్‌లో కూసో లచ్చన్నా. నేను సూసుకుంటా" అని లేచి, గది గదికీ వెళ్ళాడు. ఏ గదిలో ఏం చెప్పాడో తెలియదు. కాసేపటికి ఒక్కొక్క టీవీ ఆగిపోయింది. మనుషులు బయటికి వచ్చారు. వహాబ్ క్యాసెట్టు పెట్టి, తన టీవీ కూడా కట్టేసి, పోతూ పోతూ లచ్చన్న గుమ్మం దగ్గర ఆగాడు.

"అందురూ కట్టేసినారు. ఈపొద్దు నీకు బొమ్మ ధారగా వస్తాది పో."

లచ్చన్న తలుపు దగ్గరికి వేసుకుని మంచం మీద కూర్చున్నాడు.

మొదట మార్కెట్ ధరలు వచ్చాయి. పసుపు, మక్కలు. తరువాత ఎవరో మిరపకు పట్టే తెగులు గురించి చెప్పారు. అవి చూస్తున్నంతసేపూ అతని చేతులు మోకాళ్ళ మీద నుంచి కదల్లేదు. తరువాత వాళ్ళ వాడకట్టు కనబడింది. అవును, అదే. సాయబుల ఇంటి మూల, దాని పక్కన బోరింగు. బోరింగు చుట్టూ బిందెలు. ఆ బిందెల మధ్య చెప్పులు విప్పి నిలబడ్డ శాంతవ్వ.

చిక్కింది. ఎండకు నల్లబడింది. కొంగు నడుముకు బిగించి ఉంది, నోటికడ్డం లేదు. పెద్ద పాన రెండు చేతులా పట్టుకుని, బోరింగు తలకాయకు బిగించి, ఒంటి బరువంతా దాని మీద వేసి వంగింది. కదల్లేదు. పక్కకు జరిగి, నేల మీద కాలు తన్నిపెట్టి, మళ్ళీ వంగింది. ఆ వంగడంలో లచ్చన్న కూడా మంచం మీద వంగాడు. తలకాయ ఊడింది.

ఆ తరువాత ఆమె ఇనుప కడ్డీలు ఒక్కొక్కటీ పైకి లాగింది. ఇంకో ఇద్దరు ఆడవాళ్ళు పట్టుకుంటే, విప్పి, పక్కన పేర్చింది. "జారనియ్యకుండ్రి, జారితె బోరుల వడ్తది, మల్ల రాదు" అని చెప్పింది, ఎవరినీ చూడకుండానే, పని చూసుకుంటూనే. ఆ గొంతు విని లచ్చన్న లేచి నిలబడ్డాడు. గట్టి గొంతు కాదది. కానీ ఆ గొంతుతో చెప్పిన మాట అక్కడ ఉన్నవాళ్ళందరూ విన్నారు. సర్పంచి బామ్మర్ది కూడా ఒక కడ్డీ కొస పట్టుకుని, ఆమె చెప్పినట్టే పట్టుకుని ఉన్నాడు.

మైకు పట్టుకున్న అమ్మాయి అడిగింది. "మీకు భయం వేయలేదా అమ్మా?"

"ఎందుకు వెయ్యదు? పయిలె బోరింగు ఇప్పిననాడు చేతులు వణికినయ్. మల్ల గలిపినంక నీళ్లు రాకుంటె ఊరంత నా మీదనే వడ్తదనుకున్న."

"మరి ఎందుకు నేర్చుకున్నారు?"

శాంతవ్వ పాత తోలు వాషరు తీసి, అరచేతిలో పెట్టుకుని చూస్తూ చెప్పింది. "బోరింగు ఖరాబైతె బాగు చేసేటోడు ఎండకాలం వొయ్యినంక అస్తుండె. అందాక చేన్ల బాయికాన్నుంచి మోసుడే. మొగోళ్లు సగం మంది దుబాయ్ వాయె, మస్కట్ వాయె. ఎవలకోసం జూడాలె అమ్మా?"

లచ్చన్నకు ఎవరో గుండెలో తట్టి పిలిచినట్టయింది. చేలో బావి ఎంత దూరమో అతనికి తెలుసు. ఆ దారిలో ఎండాకాలం నడవడమంటే ఏమిటో తెలుసు. ఇన్నేళ్ళలో ఆ దారి మీద బిందెతో నడిచే మనిషి గురించి ఒక్కసారైనా తలుచుకున్నానా అని ఆలోచించాడు. తలుచుకోలేదు.

కొత్త వాషరు వేసి, కడ్డీలన్నీ దించి, తలకాయ బిగించి, ఆమె పిడి పట్టుకుని కొట్టింది. ఉత్త గాలి. మళ్ళీ కొట్టింది. పంపు గురగురమంది. చుట్టూ ఉన్నవాళ్ళు ఊపిరి బిగబట్టారు. వేల మైళ్ళ దూరంలో, ఏనాడో అయిపోయిన పనికి, లచ్చన్న కూడా ఊపిరి బిగబట్టాడు. ఎర్రటి తుప్పు నీళ్ళు బొటబొటా పడ్డాయి, ఆ వెనక తెల్లగా, నిండుగా, బిందె అంచులు దాటి పడ్డాయి. ఆడవాళ్ళు కేకలు వేశారు. శాంతవ్వ వెయ్యలేదు. దోసిలి పట్టి ముందు తనే తాగి చూసింది, బాగుందన్నట్టు తలూపింది.

"మీ ఆయన ఏమంటున్నారు?" అని మైకు అమ్మాయి అడిగింది.

మొదటిసారి ఆమె ఆగింది. చేతులు కొంగుకు తుడుచుకుంది. కళ్ళు దించుకుంది.

"ఆయన ఒమాన్‌ల ఉన్నడు. ఆయనకు ఇంకా ఎరికలేదు. ఏమంటడో సూడాలె."

తరువాత ఇంకేదో ఊరు వచ్చింది, ఎవరో గొర్రెల గురించి మాట్లాడారు. లచ్చన్న నిలబడే ఉన్నాడు. వారమంతా నూరి పెట్టుకున్న మాట కోసం లోపల వెతుక్కున్నాడు, దొరకలేదు. కోపం కోసం వెతికాడు, అదీ లేదు. అతనికి భయం వేసింది, గుడిలో గర్భాలయం తలుపు తీసినప్పుడు చిన్నప్పుడు వేసిన లాంటి భయం. ఆ మనిషి తన ఇంట్లో వండి పెట్టింది. తను వడ్డించుకుని తిని, చెయ్యి కడుక్కుని, ఆమె ఎవరో అడగకుండానే విమానం ఎక్కాడు.

తలుపు తీశాడు. వాకిట్లో ఎదురుగోడ నీడన మూడు గదుల వాళ్ళూ, తన గది వాళ్ళూ వరసగా కూర్చుని ఉన్నారు. టీవీలు కట్టేసి ఉన్నా, గదుల వైపు వీపు తిప్పి గోడకేసి చూస్తూ కూర్చున్నారు. అంత అవసరం లేదు. ఎవరు చెప్పారో, ఎవరు మొదట తిరిగి కూర్చున్నారో, మిగతావాళ్ళూ అలాగే కూర్చున్నారు. గడ్డం నెరిసిన పంజాబీ పెద్దాయన తస్బీ పూసలు తిప్పుకుంటున్నాడు. లచ్చన్న వాళ్ళ వీపులు చూసి గొంతు సవరించుకున్నాడు.

"టీవీలు పెట్టుండ్రి" అన్నాడు.

వహాబ్ వెనక్కి తిరిగాడు. "ఇదేమి కతప్పా? నువ్వే గదా మూయమంటివి."

"పెట్టు భాయ్. మొదటికెల్లి పెట్టు. అందరు జూడాలె."

వహాబ్ అతని మొహం చూసి మళ్ళీ అడగలేదు. లోపలికి వెళ్ళి క్యాసెట్టు వెనక్కి తిప్పాడు. గది తరువాత గదిలో టీవీలు వెలిగాయి. మనుషులు కొంచెం జంకుతూనే ఎవరి గదుల్లోకి వాళ్ళు వెళ్ళారు.

లచ్చన్న కూర్చోలేదు. గది గదికీ తిరిగాడు. కేరళ రూమ్‌లో ఆమె పాన బిగిస్తోంది. అక్కడున్న పైపు పనివాళ్ళు ఇద్దరు తమ భాషలో ఏదో వాదించుకుని, తలకాయ ఊడగానే గప్‌చుప్ అయిపోయారు. పంజాబీ రూమ్‌కు వెళ్ళేసరికి కడ్డీలు లాగుతోంది. పెద్దాయన "యే కౌన్ హై?" అని అడిగాడు. "మేరీ ఔరత్" అన్నాడు లచ్చన్న. నా భార్య అనే ఆ రెండు మాటలూ అతను ఆ ఇంట్లో ఎప్పుడూ పైకి అనలేదు. పెద్దాయన తస్బీ ఆపి "మాషా అల్లా" అన్నాడు. కడప రూమ్‌లో గాలి కొట్టే పంపు చూసి వహాబ్ మంచం అంచుకు జరిగి కూర్చున్నాడు. "రా తల్లీ, రా" అని నీళ్ళను పిలుస్తున్నాడు. ఒక గదిలో విన్న మాట సగం, ఇంకో గదిలోకి వెళ్ళేసరికి మిగతా సగం. ఎక్కడికి వెళ్ళినా ఆమే. ఎక్కడా పలచబడలేదు.

నీళ్ళు పడ్డప్పుడు ఇల్లంతా ఒక్కసారి గోల చేసింది. అప్పటికి లచ్చన్న నడివాకిట్లో ఉన్నాడు. మైకు అమ్మాయి ప్రశ్న అడగడం విన్నాడు. ఇల్లు సద్దుమణిగింది.

"ఏమంటడో సూడాలె."

నాలుగు గుమ్మాల్లోంచీ ఒక్కసారే వచ్చిందా మాట. తెలుగు తెలిసినవాళ్ళు ముందు తలలు తిప్పారు. తెలియనివాళ్ళు ఆమె ఆగడం, కళ్ళు దించుకోవడం చూసి, ఈ ప్రశ్న ఎవరికో ఉందని పోల్చుకుని వాళ్ళూ తిప్పారు. నాలుగు గుమ్మాల్లోంచి అందరూ అతన్నే చూశారు. లచ్చన్న చెప్పులు వేసుకుని బజారు దారి పట్టాడు. రఘుపతి వెంట పరుగెత్తుకుంటూ వచ్చాడు.

బజారులో టెలిఫోన్ డబ్బా దగ్గర జనం పలచగా ఉన్నారు. లైను కలిసింది. అన్న గొంతు వినబడింది.

"జూసినవార?"

"జూసిన."

"మరి? ఏమంటవ్? నేను పోయి చెప్త."

"ఆమె అడిగింది నన్ను అన్నా. ఆమెకే చెప్త. పొద్దుగాల్నన్న పిలువుండ్రి."

అన్న విసుక్కున్నాడు. "పొద్దుగాల దాకెందుకు? నాకంటె ముందుగాల్నే సైకిల్ మీదచ్చి ఈడ కూసున్నది. నా మాట ఇంటదా?"

ఫోను చేతులు మారింది. అవతల గాజుల చప్పుడైంది. లచ్చన్న ఆఫీసరు ముందు నిలబడ్డవాడిలా లాల్చీ గుండీ సరిచేసుకున్నాడు.

"నేను, లచ్చన్నను" అన్నాడు.

"ఎరికే."

ఎస్టీడీ కొట్లో ఎవరో దగ్గారు, బహుశా అన్నే. శాంతవ్వ ఆ దగ్గు ఆగేదాకా చూసింది.

"జూసినవట. ఏమంటవ్ మరి?"

లచ్చన్న చాలా మాటలు అనాలనుకున్నాడు. వాషరు గురించి, చేలో బావి గురించి, ఇబ్రాలో నాలుగు గదుల వాళ్ళు ఆమెను చూసి కేకలు వేయడం గురించి. చివరికి అతనికి అలవాటైనట్టు ఒక్కటే వచ్చింది.

"నేనచ్చినంక నాకు నేర్పుతవా?"

లైను పోయిందేమోనని రఘుపతి వైపు చూశాడు. అప్పుడు వచ్చింది శాంతవ్వ గొంతు, టీవీలో విన్న గొంతే.

"ముందుగాల నువ్వు రా."